స్నాపర్ చేపకు సాక్షి ఎవరు?

మా పోర్ట్ ట్రెవీన్‌లో రహస్యమనేది కప్పులో టీ చల్లారేదాకా కూడా నిలవదు. ఈ మాట ఊరికే గొప్పకు అనడం లేదు. ఈ అఖాతం పొడుగునా ఉన్న ఊళ్ళన్నీ తిరిగిన మనిషిని నేను, మావాళ్ళలాంటి వాళ్ళను ఎక్కడా చూడలేదు. జెట్టీ ఈ కొసన ఎవరైనా తుమ్మితే, ఆ కొసన గాలం వేసుకుని కూర్చున్నవాడు జేబులోంచి రుమాలు తీస్తాడు. అలాంటి ఊళ్ళో ఉంటూ, నెరిడా పెన్‌గెల్లీ తన ఉద్యోగం పోయిన సంగతి కన్నతండ్రి దగ్గర దాచానని నమ్మింది. యాభై ఏళ్ళొచ్చిన ఆడమనిషి, పైగా పేపర్లో పనిచేసిన మనిషి!

ఆ మంగళవారం కూడా పొద్దు మామూలుగానే తెల్లారింది. కిటికీ అవతల గాలికి బార్లీ చేలు ఊగుతున్నాయి. వంటింట్లో నెరిడా తండ్రి క్లెమ్, రోజూలాగే కూతురి మధ్యాహ్న భోజనానికి చీజు, పచ్చడి పెట్టి శాండ్‌విచ్ చుడుతున్నాడు. ఎనభై దాటిన మనిషి. ఒకప్పుడు జెట్టీ మీద ఓడలకు గోధుమ బస్తాలు మోసిన భుజాలు ఇప్పుడు కాస్త వంగాయి. గొంతు మాత్రం వంగలేదు.

"నాన్నా, టోస్టు ముట్టుకోనే లేదేం?"

"కడుపు నిండుగా ఉంది."

"పొద్దున్నే దేనితో నిండింది?"

"రాత్రి నువ్వు వండిన కూరతో. అది ఇంకో రెండు రోజులదాకా కదిలేట్టు లేదు."

నెరిడా నవ్వబోయి ఆగింది. తండ్రి ఒంటిమీద తెల్లచొక్కా. అమ్మ అంత్యక్రియల రోజు తర్వాత ఆ చొక్కా బీరువాలోంచి బయటికి రాలేదు.

"ఎక్కడికి ప్రయాణం?"

"చిన్న పని. ఎప్పుడో ఒకప్పుడు చేసుకోవలసిందే. ఇంక వాయిదా వేస్తే బాగుండదు."

"ఏం పని నాన్నా?"

"నీ పని చూసుకో పిల్లా. పో, నీ కోసం పేపరు ఎదురుచూస్తూ ఉంటుంది."

పేపరు అనగానే నెరిడా ఎప్పట్లాగే చూపు తిప్పుకుని, శాండ్‌విచ్ సంచిలో వేసుకుని కారెక్కింది. దారి పొడుగునా ఆ తెల్లచొక్కా ఆమె కళ్ళముందే ఉంది. తిండి సహించడం లేదు, వాయిదా వేయకూడని పని ఉందంటాడు. డాక్టరు దగ్గరికా? అయితే తనకెందుకు చెప్పడు?

తన ఉద్యోగం సంగతి తనెందుకు చెప్పలేదో ఆమెకు తెలుసు మరి. జిల్లా వారపత్రికలో ఇరవై ఏళ్ళు సబ్ ఎడిటర్‌గా చేసింది. పేపర్లో పేరు పడని ఉద్యోగం అది. ఇతరులు రాసిన దానిలో తప్పులు ఏరి, అబద్ధాలు కొట్టేసి, ప్రతి ముక్కకూ ఇద్దరు సాక్షులు ఉన్నారా లేరా అని చూసే ఉద్యోగం. "ఈ తీరంలో ఏది నిజమో తేల్చేది మా అమ్మాయే" అని క్లెమ్, గడ్డిమీద బంతులు దొర్లించి ఆడే బౌల్స్ క్లబ్బులో కనబడ్డవాడికల్లా చెప్పేవాడు. నిరుడు చలికాలం తల్లి డల్సీ కన్నుమూసింది. తండ్రికి తోడుగా నెరిడా తిరిగి పుట్టింటికి వచ్చేసింది. వేసవి గడిచాక యజమానులు ఎడిటింగ్ డెస్క్ మొత్తాన్నీ నగరానికి తరలించేశారు. భార్య పోయిన మనిషికి ఆ ఒక్క గర్వమూ లేకుండా ఎలా చేయడం? మరో పేపర్లో చోటు దొరికాక రెండూ కలిపి చెబుదామనుకుంది.

చోటు దొరకలేదు. దొరికేదాకా ఏదో ఒక రాతపని చేయాలి కదా. ముందు ఇళ్ళు అమ్మే ఏజెంటు దగ్గర ప్రకటనలు రాసింది. "కిటికీలోంచి సముద్రం కనిపించే ఇల్లు" అని రాయమన్నాడు ఆయన. నెరిడా వెళ్ళి చూసి, "ఇంటికప్పు ఎక్కితే, మబ్బు లేకపోతే, సముద్రం కనిపిస్తుంది" అని రాసింది. ఆ ఉద్యోగం ఆ వారంలోనే అయిపోయింది. తర్వాత పర్యాటక కార్యాలయంవాళ్ళు, సెలవులకు వచ్చేవాళ్ళ కోసం మా తీరం గురించి చిన్న పుస్తకం రాయమన్నారు. ఉన్నదున్నట్టు రాసింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపు పాచి ఎండితే ఎలా కంపు కొడుతుందో దానికి ఒక పేరా ఇచ్చింది. వాళ్ళూ నమస్కారం పెట్టి పంపేశారు.

చివరికి పక్క ఊళ్ళో గ్లెనిస్ చేరదీసింది. గ్లెనిస్‌ది అంత్యక్రియలు జరిపించే వ్యాపారం. ఈ తీరంలో మనిషి పోతే శవపెట్టె దగ్గర నిలబడి ఎవరో ఒకరు నివాళి చదవాలి. ఇంట్లోవాళ్ళకు ఏడుపు వస్తుంది కానీ రాయడం రాదు. కాబట్టి వాళ్ళు చెబుతుంటే రాసిపెట్టే మనిషి కావాలి. నెరిడా పని అదే. వెనకగదిలో కూర్చుంటుంది, ముందుకు రాదు.

అక్కడ కూడా మొదటి వారమే నిర్వాకం చేసింది. పోయినాయన ఫుట్‌బాల్ ఫైనల్లో పదకొండు గోల్స్ కొట్టాడని భార్య ఏడుస్తూ చెప్పింది. నెరిడా ఊరుకోకుండా క్లబ్బుకు ఫోన్ చేసి కనుక్కుంది. ఆయన ఆడనేలేదట, విరామంలో ఆటగాళ్ళకు నిమ్మకాయ ముక్కలు అందించాడట. నివాళిలో అలాగే రాసేసింది. ఆ భార్య ఇప్పటికీ గ్లెనిస్ కనబడితే రోడ్డు దాటి అవతలివైపు నడుస్తుంది.

"ఇది పేపరు కాదమ్మా నెరిడా. వాళ్ళు ఏం చెబితే అది రాయాలి. ఫోన్లు లేవు, సాక్షులు లేరు. ఒప్పుకుంటే ఉండు, లేదా వేరే పని చూసుకో" అంది గ్లెనిస్. నెరిడా ఒప్పుకుంది. పళ్ళు బిగించి మరీ ఒప్పుకుంది.

ఆ మంగళవారం నెరిడా వచ్చేసరికి గ్లెనిస్ పళ్ళెంలో బిస్కెట్లు సర్దుతోంది.

"ఇవాళ ఒకాయన వస్తున్నాడు. తన నివాళి తనే ముందుగా రాయించుకుంటాడట."

"బతికుండగానేనా?"

"కొందరికి అదో తృప్తి. డాక్టరు ఏదైనా చెప్పినప్పుడు ఇలా వస్తుంటారు. మెత్తగా మాట్లాడు, సరేనా?"

"ఎవరాయన?"

గ్లెనిస్ జవాబు చెప్పేలోపే గంట మోగింది. వెనకగది తలుపు తెరుచుకుంది. తెల్లచొక్కా, దానిమీద టై. నెరిడా చేతిలోని కప్పు కింద పెట్టి లేచింది.

"నాన్నా! నువ్వేంటి ఇక్కడ?"

"బేరానికి వచ్చినవాణ్ణి. కూర్చోమనవేం?" అన్నాడు క్లెమ్.

గ్లెనిస్ మర్యాద తెలిసిన మనిషి. తండ్రీకూతుళ్ళ మధ్య తనెందుకని తలుపు దగ్గరగా వేసి, పెరట్లో మొక్కలకు నీళ్ళు పోయడానికి వెళ్ళిపోయింది.

క్లెమ్ కుర్చీ లాక్కుని కూర్చుని, ముందుగా ఒక బిస్కెట్ తీసుకున్నాడు. నెరిడాకు ఆ గది గోడలు దగ్గరికి జరిగినట్టనిపించింది. ముట్టని టోస్టు, వాయిదా వేయకూడని పని, డాక్టరు ఏదైనా చెప్పినప్పుడు వస్తారన్న గ్లెనిస్ మాట, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. తన ఉద్యోగం సంగతి బయటపడిందన్న ఆలోచన కూడా ఆమెకు రాలేదు.

"డాక్టరు ఏమన్నాడు?"

"ఏ డాక్టరు?"

"నాతో ఆటలాడకు. ఎన్నాళ్ళుందన్నాడు?"

"ముందు కలం తియ్యి. పుట్టిందెక్కడో రాసుకో."

"నువ్వు పుట్టిందెక్కడో నాకు తెలుసు! నువ్వు..." ఆమె కాగితం అవతలికి నెట్టేసింది. "అమ్మప్పుడూ ఇంతే. చివరి నెలదాకా నాకు చెప్పలేదు మీరిద్దరూ. మళ్ళీ అదే చేస్తున్నావా? నేనేం చిన్నపిల్లనా నాన్నా? చెప్పు, ఎక్కడ? ఊపిరితిత్తులా? కడుపా?"

ఆమె ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుని భోరుమంది. క్లెమ్ నోట్లో బిస్కెట్ అలాగే ఆగిపోయింది. ఇది అతను అనుకోలేదు.

"ఏయ్, నెరీ. ఏయ్ పిల్లా. ఎవరు చెప్పారే నీకు నేను చస్తున్నానని? పోయిన వారమేగా డాక్టరు చూశాడు. గుండె గుర్రంలా ఉందన్నాడు. మోకాలు మాత్రం ఆ గుర్రం తన్నినదానిలా ఉందట, అంతే."

"ఒట్టు?"

"మీ అమ్మమీద ఒట్టు."

డల్సీ మీద ఒట్టు పెట్టి క్లెమ్ ఎన్నడూ అబద్ధమాడలేదు. నెరిడా ఒళ్ళంతా ఒక్కసారిగా తేలికై, కుర్చీలో కూలబడింది. ఆ తేలికతనం వెంటే కోపం వచ్చింది.

"మరి టోస్టు ఎందుకు తినలేదు?"

"గ్లెనిస్ బిస్కెట్లు పెడుతుందని."

"ఆ చొక్కా?"

"చావు సంగతులు మాట్లాడే చోటుకు గాలం వేసే చొక్కాతో రమ్మంటావా?"

ఆమె ఏడుపు మధ్యలోనే నవ్వింది. నవ్వుతూ ఉండగా మరో సంగతి మెల్లగా తట్టింది. తనను ఇక్కడ చూసి తండ్రి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"నాన్నా... నేనిక్కడ ఉన్నానని నీకు ముందే తెలుసా?"

క్లెమ్ చొక్కా మీది బిస్కెట్ పొడి దులుపుకున్నాడు. "బౌల్స్ జంటల పోటీలో మెర్వ్ హాకింగ్ గెలిచాడని పేపర్లో వేశారు చూడు, ఆ వారమే తెలిసింది. మెర్వ్‌ను వేసవిలోనే కదా పూడ్చాం? నువ్వు డెస్క్‌లో ఉంటే చచ్చినవాడు కప్పు గెలుస్తాడా? ఆ తర్వాతి వారం మన ఊరి ధాన్యం గాదెను అఖాతం అవతల ఒడ్డున పెట్టారు. అప్పుడిక సందేహం లేదు. మా పిల్లను పంపించేశారు అనుకున్నాను."

"ఇక్కడ చేరానని?"

"హాకింగ్ వాళ్ళ పెద్దావిడ నివాళి విన్నాను. 'సుమారుగా' అనే మాట రెండుసార్లొచ్చింది. సరిచూసుకోలేదని, పెట్టె ముందు నిలబడ్డవాళ్ళ చేత 'సుమారుగా నలుగురు మనవలు' అనిపించేది ఈ దేశం మొత్తంలో నా కూతురొక్కతే."

"ఇన్ని నెలలూ తెలిసీ... మరి రోజూ ఆ శాండ్‌విచ్‌లు?"

"ఉద్యోగం పోతే ఆకలి కూడా పోతుందా ఏమిటి?"

ఇక్కడ నేను మొదట్లో చెప్పుకున్న గొప్ప వెనక్కి తీసుకోవాలి. క్లెమ్‌కు తెలుసు. బౌల్స్ క్లబ్బుకు తెలుసు. బేకరీవాళ్ళకు తెలుసు. నాకూ తెలుసు. "పేపరెలా ఉందమ్మా?" అని పలకరించినప్పుడల్లా ఆమె "బాగానే ఉంది" అనేది, మేం తలలూపేవాళ్ళం. కప్పులో టీ చల్లారేదాకా నోరు మూసుకోలేని ఊరు, ఒక మనిషి ముఖం చిన్నబోకూడదని నెలల తరబడి నోరు మూసుకుంది. నాకైతే కడుపుబ్బరం వచ్చింది.

నెరిడా ముక్కు తుడుచుకుంది. "తెలిస్తే ఇంట్లోనే అడగొచ్చుగా? ఇంతదూరం వచ్చి ఈ నివాళేంటి?"

"ఇంట్లో నీ చేతిలో ఆ కొట్టేసే పెన్సిల్ ఉంటుంది. ఇక్కడ ఉండదు. ఇక్కడ మేం చెప్పిందే రాయాలట కదా, గ్లెనిస్ చెప్పింది. నా స్నాపర్ సంగతి రాయించుకుందామని వచ్చాను."

ఆ స్నాపర్ మా తీరంలో అందరికీ చుట్టమే. క్లెమ్ కుర్రవాడిగా ఉన్నప్పుడు చిన్న పడవలో చేపలకు వెళితే ఒక స్నాపర్ చేప గాలం మింగి, పడవతో సహా అతన్ని అఖాతం అవతల ఒడ్డుకు లాక్కుపోయిందట. ఆ ఒడ్డున పీతలు ఏరుకుంటున్న పిల్లే డల్సీ.

"నాన్నా, నువ్వు బస్సులో వెళ్ళావు. డాన్సుకు వెళ్ళావు. అమ్మే చెప్పింది."

"అదిగో పెన్సిల్."

"ఉన్నమాట అంటే పెన్సిలా?"

"మీ అమ్మ నివాళి నువ్వే రాశావు కదా నెరీ." క్లెమ్ గొంతులో ఆట పోయింది. "ఎక్కడ పుట్టింది, ఏ బడి, చర్చిలో ఎన్నేళ్ళు పాడింది, జిల్లా ప్రదర్శనలో ఆప్రికాట్ జామ్‌కు ఎన్ని బహుమతులు. బస్సు కూడా ఉంది."

"అందులో ఒక్క తప్పు లేదు. ప్రతి ముక్కా రెండుసార్లు చూసుకున్నాను."

"తప్పు లేదనేగా నా బాధ! ముందు బల్లమీద కూర్చుని విన్నాను. ఎవరో మంచావిడ పోయిందట పాపం అనుకున్నాను. డల్సీ అందులో లేదే. ఒక్క నవ్వు లేదు. నేను మా ఆవిణ్ణి సాగనంపడానికి వచ్చి, ఎవరినో సాగనంపి ఇంటికెళ్ళాను."

తండ్రీకూతుళ్ళు ఇన్ని నెలలు ఒకే బల్ల దగ్గర తిన్నారు. ఈ మాట ఆయన లోపలే పెట్టుకుని, ఎదురుగా కూర్చుని రొట్టెకు వెన్న రాశాడు.

"ఆ చేపను నేనొక్కణ్ణే పెంచాననుకుంటున్నావా?" అన్నాడు క్లెమ్ మెల్లగా. "నేను చెప్పింది చేయి పొడుగు చేప. పెళ్ళయ్యాక మీ అమ్మే దాన్ని పడవంత చేసింది. కన్ను పక్కన గాటు పెట్టింది మీ అమ్మ. ఒడ్డుకొచ్చాక అది తనవైపు చూసి 'వీణ్ణి తెచ్చాను, చూసుకో' అన్నట్టు తోక ఊపిందని చెప్పేది."

అప్పుడు నెరిడాకు గుర్తొచ్చింది. తనకు పదకొండేళ్ళో పన్నెండేళ్ళో. వంటింట్లో తల్లి చేపల పొలుసు గీస్తోంది. అమ్మా, నాన్న చెప్పేది నిజమేనా అని అడిగింది తను. "బస్సులో వచ్చాడే" అని తల్లి నవ్వింది. కానీ ఆమె అక్కడితో ఆగలేదు. చేతి వెనకతో నుదుటి మీది జుట్టు తోసుకుని, "అయినా బస్సులో వచ్చినవాణ్ణి ఎవరే పెళ్ళి చేసుకుంటారు?" అంది.

రెండు వాక్యాలు. తను మొదటిది ఉంచుకుని రెండోది కొట్టేసింది. అప్పట్నుంచీ, ఇన్నేళ్ళుగా.

"నాన్నా," అంది. కళ్ళు మళ్ళీ నిండాయి, ఈసారి భయంతో కాదు. "అమ్మ ఇంకో మాట కూడా అంది. నేను రాయలేదు."

చెప్పింది. క్లెమ్ విన్నాడు. ఆ మాట అతనెప్పుడూ విన్నది కాదు. టై ముడి వదులు చేసుకుని, భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళ నీళ్ళు గడ్డందాకా జారుతుంటే తుడుచుకోనైనా లేదు.

"అన్నదా? అలా అన్నదా అది?"

"అన్నది."

"సాక్షి?"

"నేనే."

"ఒక్కతివేగా. మీ పేపరువాళ్ళకు ఇద్దరు కావాలిగా?"

"ఇది పేపరు కాదు" అంది నెరిడా. కాగితం ముందుకు లాక్కుని, కలం మూత తీసింది. "చెప్పు. ఆ రోజు గాలి ఎటునుంచి వీస్తోంది?"

క్లెమ్ ఆమెను అనుమానంగా చూశాడు. "ఎందుకు, కొట్టేయడానికా?"

"కాదు. పడవంత చేప లాగుతుంటే ఎదురుగాలి ఉంటే బాగుంటుంది. లేకపోతే దాని గొప్పేముంది? గాలపు తాడు ఏ రంగు?"

ఆ తర్వాత ఇద్దరూ మధ్యాహ్నందాకా ఆ చేపను పెంచారు. ఇరవై ఏళ్ళు అబద్ధాల్లో చిల్లులు వెతికిన మనిషి ఏ చిల్లు ఎక్కడుందో ఎరిగినదే కదా, ఒక్కొక్కటీ పూడ్చుకుంటూ వచ్చింది. పడవ ఎందుకు తిరగబడలేదు, అతను తాడు ఎందుకు కోసేయలేదు, అన్నిటికీ కారణాలు పెట్టింది. చివరికి ఆ కథ ఎంత గట్టిగా తయారైందంటే, క్లెమ్‌కే ఒక దశలో అనుమానమొచ్చింది, తను నిజంగా బస్సెక్కాడా అని.

తర్వాత ఇద్దరూ ఆమె కారులోనే ఊరికి తిరిగొచ్చి, బేకరీలో మాంసం కూరిన పాస్టీలు రెండు కొనుక్కుని జెట్టీ మీద కూర్చున్నారు. గాలికి టై ఎగిరి క్లెమ్ ముఖానికి కొడుతోంది.

"ఇంకోటి చెప్పాలి నాన్నా. దాచడాలు ఇంక నావల్ల కాదు. రైతులు, చేపలవాళ్ళు కలిసి కోతలయ్యాక కొత్త వారపత్రిక పెడుతున్నారు. సబ్ ఎడిటర్‌గా రమ్మన్నారు. నిన్ననే ఖాయమైంది."

"మరి నిన్ననే చెప్పలేదేం?"

"ఉద్యోగం పోయిందని చెప్పకుండా ఉద్యోగం వచ్చిందని ఎలా చెప్పను?"

క్లెమ్ పాస్టీ కొరుకుతూ ఆలోచించాడు. "అదీ నిజమే. అప్పటిదాకా?"

"గ్లెనిస్ దగ్గరే. మానాలనిపించడం లేదు కూడా. ఆ ఫుట్‌బాల్ ఆయన భార్య ఇంటికి ఒకసారి వెళ్ళిరావాలి. ఆ పదకొండు గోల్స్ మళ్ళీ వినాలి." కాస్త ఆగి అంది, "నాన్నా, కోతలదాకా మాత్రం చావకు. ఈ నివాళి ఇంకా చిత్తుప్రతే."

"నీ వీలు చూసుకునే చస్తాలే. రేపు శాండ్‌విచ్‌లో ఏం పెట్టను?"

"పచ్చడి తగ్గించు. ఇన్ని నెలలూ అడగలేకపోయాను."

ఇదీ జరిగింది. ఇందులో నేను కల్పించింది ఒక్కటే, అదీ చెప్పేస్తాను: గ్లెనిస్ పెరట్లో మొక్కలకు నీళ్ళు పోయడానికి వెళ్ళిందన్నది. ఆమె పెరట్లో మొక్కలే లేవు, అంతా కాంక్రీటు. తలుపుకు చెవి ఆనించి, మధ్యాహ్నందాకా ఒంటికాలి మీద నిలబడింది. నిలబడకపోతే ఈ కథ నాకెలా తెలుస్తుంది? చేప సంగతంటారా, అది నిజం.